ఇంటి పనికి పరంజా: సర్వి బాదులా, పైపులా, కప్‌లాకా?

గుంటూరు పట్టాభిపురంలో ఒక జీ ప్లస్ టూ ఇంటికి బయటి ప్లాస్టరింగ్ జరుగుతుండగా నా కళ్ల ముందే పరంజా అడ్డకర్ర జారింది. కర్ర విరగలేదు. రాత్రి వానకు తడిసిన కొబ్బరి తాడు పొద్దున ఎండకు ఆరి వదులైంది, ముడి జారింది. దాని మీద నిలబడిన తాపీ మనిషి పదిహేను అడుగుల ఎత్తు నుంచి ఇసుక కుప్ప అంచున పడ్డాడు. మడమ ఎముక చితికింది. ఐదు నెలలు పనికి రాలేకపోయాడు.

ఆ సైటు చూసుకుంటున్నది నేనే. ఆ పొద్దునే బాదులన్నిటినీ, అంటే నిలువు సర్వి కర్రలను, చేత్తో కదిపి చూశాను, గట్టిగానే ఉన్నాయి. ముడులు మాత్రం చూడలేదు. పైన ఎవరైనా జారితే ఆపడానికి అక్కడ ఒక్క అడ్డు కూడా లేదన్న సంగతి నా బుర్రకే తట్టలేదు. పరంజా ప్రమాణాలు తీసి శ్రద్ధగా చదవడం ఆ తర్వాతే మొదలుపెట్టాను. గుంటూరు, విజయవాడల్లో ఇల్లు కట్టించేవాళ్లు, చిన్న బిల్డర్లు ఏ పనికి ఏ పరంజా ఎంచుకోవాలో, ఎందుకో నాకు అర్థమైనంతలో ఇక్కడ చెబుతున్నాను.

ప్రమాణాల్లో ఏం మారింది

మన దేశంలో పరంజాలకు, నిచ్చెనలకు భద్రతా నియమావళి ఐఎస్ 3696. అందులో పరంజాల భాగం ఇప్పుడున్న రూపం 1987 నాటిది. ఇనుప గొట్టాల పరంజాకు విడిగా ఐఎస్ 4014 ఉంది. 1967లో వచ్చిన దాని భద్రతా భాగాన్ని 2013లో సవరించారు. 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళిలో ఏడో భాగం పని నిర్వహణకూ భద్రతకూ కేటాయించినదే. ఇవన్నీ ప్రమాణాలు. చట్టం సంగతి వేరు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది, దాని కింద 1998లో కేంద్ర నియమాలు వచ్చాయి. 2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలోకి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 వచ్చింది.

ఇక్కడ ఇల్లు కట్టించేవాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది. పాత చట్టం 10 లక్షల రూపాయల ఖర్చు దాటని సొంత ఇంటిని మినహాయించింది. కొత్త కోడ్‌లో ఆ హద్దు 50 లక్షలు. పది మంది కంటే తక్కువ పనివాళ్లున్న సైటు అప్పుడూ బయటే, ఇప్పుడూ బయటే. అంటే గోరంట్లలోనో పోరంకిలోనో కట్టే మామూలు జీ ప్లస్ వన్ ఇళ్లలో చాలావాటి పరంజాను అడిగే అధికారి ఎవరూ ఉండరు. సాంకేతిక ప్రమాణాలేమో కాలం గడిచేకొద్దీ గట్టిపడుతున్నాయి, చిన్న ఇళ్ల దగ్గర చట్టం పట్టు సడలింది. ఈ మధ్యలో ఉన్నది ఇంటి యజమాని ఒక్కరే. అందుకే పరంజా సంగతి మేస్త్రికి వదిలేయకుండా మీరే తేల్చుకోండి అని ఇంతగా చెబుతున్నాను.

ప్రమాణాలు గట్టిపడటం అంటే కర్ర లావు పెంచడం కాదు. వెనకటి ఆలోచన "ఇది బరువు మోస్తుందా" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయేది. ఇప్పుడు దాంతోపాటు "మనిషి జారితే ఏది ఆపుతుంది" అని కూడా అడుగుతున్నారు. బ్రిటన్‌లో 2005 నాటి నియమాల ప్రకారం పని వేదిక అంచున పై అడ్డుపైపు కనీసం 950 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. దాని కింద ఎక్కడా 470 మిల్లీమీటర్లకు మించి ఖాళీ ఉండకూడదు, అంటే నడుమ ఇంకో పైపు తప్పనిసరి. రెండు మీటర్లు, అంతకు మించి పడే అవకాశం ఉన్న పరంజాను ఏడు రోజులకోసారి తనిఖీ చేసి రాసిపెట్టాలి. పరంజా కట్టే మనిషి కూడా రక్షణ లేకుండా పై అంతస్తులోకి అడుగు పెట్టకూడదని, కింది వేదిక మీద నుంచే పై అంతస్తు అడ్డుపైపులు బిగించే పద్ధతులు అక్కడ వాడుకలోకి వచ్చాయి. మన పాత బాదుల పరంజాలో పై అడ్డుకర్ర ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అసలు తేడా అక్కడుంది.

సర్వి బాదులు

వీటిని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. బాపట్ల, చీరాల తీరపు సర్వి తోటల కర్ర మనకు దగ్గరలో దొరుకుతుంది. మన తాపీ మేస్త్రీలకు దాంతో చేయి తిరిగి ఉంది. ఇరుకు సందుల్లో, వంకర స్థలాల్లో ఎలా కావాలంటే అలా కట్టుకోవచ్చు. ఒకే అంతస్తు ఇంటికి జాగ్రత్తగా కడితే పని జరిగిపోతుంది.

చిక్కు ఏమిటంటే, బాదుల బలాన్ని ఎవరూ లెక్కగట్టి చెప్పలేరు. ఒక చోట లావు, ఒక చోట సన్నం. లోపల చెద ఉందో లేదో పైకి కనపడదు. పోయిన ఏడాది వానకు నానిన కర్రా, ఈ ఏడు నరికిన కర్రా ఒకే కుప్పలో వస్తాయి. తాడు సంగతి పైన చెప్పాను. వాన పడిన ప్రతిసారీ, ఆ వాన ఆరిన తర్వాత కూడా ముడులన్నీ తిరిగి బిగించాలి. బాదులే వాడాలనుకుంటే, ప్రతి వానకూ అరపూట కూలి ముడులకే పోతుందని ముందే లెక్కలో వేసుకోండి.

ఇంకో నష్టం ఇంటికే. మన దగ్గర ఎక్కువగా ఒంటి వరస పరంజా కడతారు. అడ్డకర్ర ఒక చివర బాదుకు కట్టి, రెండో చివర గోడలో వదిలిన కన్నంలో పెడతారు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడల రోజుల్లో అది నడిచింది. ఇప్పుడు ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిదతో చేసిన ఫ్లై యాష్ ఇటుకతో నాలుగున్నర అంగుళాల గోడలు కడుతున్నారు. అంత పల్చటి గోడ, అందులోనూ పచ్చి గోడ, అడ్డకర్ర బరువును నమ్మకంగా మోయదు. ప్లాస్టరింగ్ అయ్యాక ఆ కన్నాల్లో ఇటుక ముక్క కుక్కి సిమెంటు రాస్తారు. రెండో వానాకాలానికి పడకగది గోడ మీద గుండ్రటి చెమ్మ మచ్చలు లేస్తాయి. ఒకే ఎత్తులో, సమాన దూరంలో చెమ్మ మచ్చలు కనిపించిన ఇంట్లో నేను ముందు అనుమానించేది ఆ కన్నాలనే. గోడ మీద ఆధారపడకుండా నిలిచే రెండు వరసల పరంజా అయితే, బాదులైనా పైపులైనా, ఈ బాధ ఉండదు.

రెండో అంతస్తు పనికి నేనిప్పుడు బాదులు వాడనివ్వను.

పైపులు, క్లాంపులు

విడి గొట్టాలను క్లాంపులతో బిగించే పద్ధతి బాదుల్లాగే ఎటు కావాలంటే అటు ఒదుగుతుంది. బాల్కనీలు, ఎలివేషన్ డిజైన్లు, గుండ్రటి మూలలు ఉన్న ముఖభాగానికి దీన్ని మించింది లేదు. కాకపోతే ప్రతి జాయింటూ మనిషి స్పానరు పట్టి బిగించినంతే గట్టి. యూరప్ ప్రమాణంలో క్లాంపు బోల్టు బిగింపుకు 50 న్యూటన్ మీటర్లని కొలత ఉంది. మన సైట్లో కొలిచేవాళ్లుండరు, చేతి అంచనాయే. వందల జాయింట్లలో నాలుగు వదులుగా మిగలడం పెద్ద విషయం కాదు. అందుకే ఈ పద్ధతి ఎంచుకుంటే కట్టేవాళ్లు దీంట్లో ఆరితేరినవాళ్లే కావాలి.

పైపు నాణ్యతను ఇంట్లోనే పరీక్షించే మార్గం ఒకటుంది. పరంజా పైపు బయటి వ్యాసం 48.3 మిల్లీమీటర్లు. మందం 3.2 మిల్లీమీటర్లయితే ఆరు మీటర్ల పైపు 21 కేజీలకు పైగా తూగుతుంది. 2.9 అయితే పందొమ్మిదిన్నర. 2 మిల్లీమీటర్ల పల్చటి పైపు పద్నాలుగు కేజీలకు కూడా రాదు. రంగు వేశాక మూడూ ఒకేలా కనిపిస్తాయి, కానీ 3.2 పైపుతో పోలిస్తే ఆ రెండు మిల్లీమీటర్ల పైపులో ఉన్న ఇనుము మూడో వంతుకు పైగా తక్కువ. ఆటోనగర్‌లో పైపులు అద్దెకు తీసుకునేటప్పుడు కాటా మీద రెండు మూడు పైపులు పెట్టించండి. మంచి సరుకు ఇచ్చేవాళ్లు ఏమీ అనుకోరు. వంగి మళ్లీ సరిచేసిన పైపు, వెల్డింగ్ అతుకున్న పైపు బరువు సరిపోయినా వద్దు. క్లాంపుల్లో కూడా పోతపోసినట్టు మందంగా ఉండే ఫోర్జింగ్ రకం అడగండి. రేకు వంచి చేసినవి తుప్పు పట్టాక నోరు తెరుచుకుంటాయి.

కప్‌లాక్

స్టిల్టు మీద నాలుగైదు అంతస్తుల అపార్టుమెంటుకు నేను కప్‌లాక్‌నే సిఫారసు చేస్తాను. జీ ప్లస్ టూ ఇంటి బయటి ప్లాస్టరింగ్‌కు కూడా. నిలువు పైపు మీద అర మీటరుకొకటి చొప్పున గిన్నెల్లాంటి కప్పులు వెల్డింగ్ చేసి ఉంటాయి, ఒక్కోదాని పైన జారే కప్పు ఒకటి ఉంటుంది. అడ్డ పైపు చివర నాలుకను కింది కప్పులో కూర్చోబెట్టి, పైన జారే కప్పును దించి సుత్తితో తిప్పి బిగిస్తే జాయింటు అయిపోతుంది. బిగిసిందో లేదో కింద నిలబడి కూడా చెప్పొచ్చు. మనిషి నైపుణ్యం మీద ఆధారపడటం తగ్గింది కాబట్టే దీని మీద నాకు నమ్మకం. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో ఈ వారమే వచ్చిన కుర్రాడు కూడా తప్పు చేయడానికి అవకాశం తక్కువ.

పైగా కప్పులు అర మీటరుకొకటి ఉండటంతో పని వేదికకు అర మీటరు పైన ఒక పైపు, మీటరు పైన ఇంకో పైపు దానంతటదే కుదురుతుంది. రెండు అడ్డుపైపులు ఉండాలని పైన చెప్పిన నియమం విడి సామాను లేకుండానే తీరుతుంది. ఇటుక ముక్క, కరణె కింద పడకుండా పలకల అంచున ఆరంగుళాల పట్టీ మాత్రం విడిగా కట్టించాలి.

ఎంత బరువు పెట్టొచ్చో కూడా దీనికి లెక్క కుదురుతుంది. యూరప్ ప్రమాణంలో పరంజాలకు ఆరు తరగతులున్నాయి, చదరపు మీటరుకు 75 కేజీల నుంచి 600 కేజీల వరకు. ప్లాస్టరింగ్ లాంటి పనికి మూడో తరగతి, అంటే సుమారు 200 కేజీలు, సరిపోతుంది. 1.2 మీటర్ల వెడల్పు, 1.8 మీటర్ల పొడవున్న ఒక గడిలో అది 430 కేజీలు. ఇద్దరు మనుషులు, ఆరు తట్టల మాలు కలిపితే 300 లోపే. అదే గడిలో వంద ఇటుకలు పేర్చి ఇద్దరు నిలబడితే హద్దు అక్కడితో తీరిపోయినట్టే. గ్రానైటు పలకలు అతికించే పని ఉంటే ఇంకా జాగ్రత్త, 18 మిల్లీమీటర్ల గ్రానైటు చదరపు మీటరు 50 కేజీల దగ్గర తూగుతుంది. పది పలకలు ఒకే చోట ఆనించి పెట్టే అలవాటు మాన్పించాలి. ఈ లెక్క అద్దెకిచ్చేవాళ్లను అడిగి కాగితం మీద రాయించుకోండి. చెప్పలేనివాళ్ల దగ్గర తీసుకోకండి.

రింగ్‌లాక్ ఇంకా మేలైన రకం. నిలువు పైపు మీద ఎనిమిది కన్నాల బిళ్ల, అందులో దిగే మేకు. 1974లో జర్మనీలో లేయర్ కంపెనీ తెచ్చిన పద్ధతి నుంచి పాకింది. పెద్ద ప్రాజెక్టులకు, వంకర కట్టడాలకు బాగుంటుంది. మన ఇళ్ల పనికి దాని అద్దె అక్కర్లేదని నా అభిప్రాయం.

హెచ్ ఫ్రేములు, చక్రాల టవర్లు, జూల

లోపలి గోడలు, సీలింగు, మెట్ల గది పుట్టీకి హెచ్ ఫ్రేములు, అంటే హెచ్ అక్షరం ఆకారపు ఇనుప చట్రాలు, చాలు. బయట రెండు ఫ్రేముల ఎత్తు దాటితే వద్దు. క్రాస్ పైపులు ఒకవైపు తీసేసి నడవడానికి దారి చేసుకోవడం మన దగ్గర మామూలైపోయింది. అది తీశాక మిగిలేది ఊగే చట్రమే.

దేనికీ కట్టకుండా నిలబెట్టే చక్రాల టవరు ఎత్తు దాని సన్నటి వైపు వెడల్పుకు నాలుగు రెట్లు మించకూడదని అమెరికా నియమం. బయట గాలిలో మూడు రెట్లకే ఆపడం మంచిది. యూరప్‌లో ఈ టవర్ల ప్రమాణాన్ని 2020లో సవరించినప్పుడు వేదికల మధ్య దూరం 2.25 మీటర్లు మించకూడదన్నారు. ఎక్కేవాడు మధ్యలో జారినా కింది వేదిక మీద పడి ఆగుతాడు. పైన మనిషి ఉండగా టవరును తోయడం మాత్రం ఎవరు అడిగినా ఒప్పుకోవద్దు.

పాత అపార్టుమెంటుకు రంగులు వేయించేటప్పుడు పరంజా ఖర్చు ఎందుకని తాడు జూలకు, అంటే పై నుంచి తాళ్లతో వేలాడే వేదికకు, వెళతారు. మోటారుతో దిగే వేదిక, విడిగా ఇంకో తాడు, దానికి ప్రతి మనిషి బెల్టు ఉంటే సరే. ఒక్క తాడు మీద చెక్క పీట కట్టుకుని దిగే పద్ధతికి నేను ససేమిరా అంటాను.

ఏది ఎంచుకున్నా తప్పనివి

బెల్టు ఇచ్చాం కదా అని అడ్డుపైపులు మానేసేవాళ్లున్నారు. బెల్టు తాడు 1.8 మీటర్లు ఉంటుంది. పడినప్పుడు షాక్ అబ్జార్బర్ సాగుతుంది. మనిషి పొడుగు కూడా కలిపితే ఆగేసరికి ఐదు మీటర్లకు పైగా ఖాళీ కావాలి. మొదటి అంతస్తు ఎత్తులో పాదాల దగ్గర తగిలించిన బెల్టు ఆపేలోపే నేల తగులుతుంది. ముందు అడ్డుపైపు, తర్వాతే బెల్టు.

పరంజా ఎత్తు దాని వెడల్పుకు నాలుగు రెట్లు దాటగానే భవనానికి టైలు, అంటే పరంజాను గోడకు పట్టి ఉంచే బందులు, కట్టాలి. 1.2 మీటర్ల వెడల్పుకు అది ఐదు మీటర్ల లోపే, అంటే మొదటి అంతస్తు దాటకముందే. కిటికీ గ్రిల్లుకు బైండింగ్ వైరుతో కట్టడం టై కాదు. ఆకుపచ్చ వల చుట్టారంటే పరంజా తెరచాప అయినట్టే, టైలు ఇంకా దగ్గర దగ్గరగా ఉండాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ప్రాంతంలో పని పెట్టుకుంటే, హెచ్చరిక రాగానే వల విప్పే బాధ్యత ఎవరిదో ముందే చెప్పి ఉంచండి.

వల విషయంలో ఇంకో మాట. 2025 నవంబరు 26న హాంకాంగ్‌లో మరమ్మతులు జరుగుతున్న వాంగ్ ఫుక్ కోర్ట్ భవనాల్లో మంటలు లేచి 150 మందికి పైగా చనిపోయారు. అక్కడ వెదురు పరంజా తరతరాల విద్య. ఆ ఏడాది మార్చిలోనే ప్రభుత్వం తన కొత్త భవనాల పనుల్లో కనీసం సగానికి ఇనుప పరంజా ఉండాలని చెప్పింది. ప్రమాదం తర్వాత చర్చంతా వెదురు మీదికి పోయింది గానీ, మంట వేగంగా పాకడానికి చుట్టిన వల, కిటికీలకు అడ్డుపెట్టిన ఫోము పెద్ద కారణాలు. ఇనుప పైపులు కట్టి దాని మీద చవక వల చుడితే ఆ ముప్పు పోదు. వల కొనేటప్పుడు చిన్న ముక్క కత్తిరించి అగ్గిపుల్ల చూపించండి. పుల్ల తీయగానే ఆరిపోవాలి. మండుతూ చుక్కలు కారితే ఆ వల తిప్పి పంపండి.

నేల. గుంటూరు వైపు నల్లరేగడి, విజయవాడలో సింగ్‌నగర్ లాంటి పల్లపు ప్రాంతాలు. 2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత అక్కడి నేల ఎంత మెత్తబడిందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. నిలువు పైపును నేరుగా మట్టిలో దించితే వెయ్యి కేజీల బరువు నాలుగున్నర చదరపు సెంటీమీటర్ల ఇనుప అంచు మీద పడుతుంది. ఆరంగుళాల బేస్ ప్లేటు పెడితే అదే బరువు యాభై రెట్లు ఎక్కువ జాగాలో పరుచుకుంటుంది. నల్లరేగడిలో అదీ చాలదు, ప్లేటు కింద పొడవాటి చెక్క పలక వేసి రెండు కాళ్లకూ కలిపి పట్టించాలి. ఇటుకలు పేర్చి ఎత్తు సర్దడం వద్దు, ఇటుక పగిలితే కాలు దిగబడుతుంది.

కరెంటు తీగల దగ్గర మాత్రం అన్ని రకాల పరంజాలూ ఒకటే. బ్రాడీపేట, వన్‌టౌన్ సందుల్లో 11 కేవీ తీగ బాల్కనీకి చేయి చాపితే అందేలా పోతుంది. నిబంధన ప్రకారం భవనానికీ ఆ తీగకూ అడ్డంగా కనీసం 1.2 మీటర్ల దూరం ఉండాలి. పరంజా కడితే ఆ దూరం మొత్తం దానికే పోతుంది. ఆరు మీటర్ల పైపును నిలబెట్టేటప్పుడు చివర ఎటు ఊగుతుందో పట్టుకున్నవాడికి కూడా తెలియదు. కర్రయితే షాక్ కొట్టదన్న ధీమా వద్దు, తడిసిన బాదులో కరెంటు పారుతుంది. తీగ పక్క గోడ పనికి కరెంటు పంపిణీ సంస్థ సీపీడీసీఎల్ వాళ్లకు అర్జీ పెట్టి లైన్ క్లియర్, అంటే ఆ తీగలో కరెంటు ఆపించి అనుమతి, తీసుకున్న తర్వాతే పరంజా లేపండి. ఆ రెండు మూడు రోజుల ఆలస్యానికి మేస్త్రి విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

ఒప్పందం కాగితంలో పరంజాకు విడిగా ఒక లైను ఉండేలా చూడండి. ఏ రకం, ఎన్ని వరసలు, రెండు అడ్డుపైపులు, అంచు పట్టీ, ఎక్కడానికి నిచ్చెన, వారానికోసారీ వాన తర్వాతా తనిఖీ ఎవరిది. మొత్తం చదరపు అడుగు రేటులో కలిపేస్తే మేస్త్రి ముందు కోత పెట్టేది పరంజాలోనే. విడిగా రాస్తే కోత పెట్టడానికి కారణం ఉండదు.

విప్పే రోజు కూడా సైటులో ఉండండి. రంగులవాళ్లు గోడ మీద మరక పడకుండా వారం ముందే టైలు ఒక్కొక్కటీ తీసేసి ఉంటారు. పైన పలకలు దించుతున్నవాడికి ఆ సంగతి తెలియదు. విప్పడం మొదలుపెట్టే ముందు కింద నుంచి పై దాకా టైలు లెక్కపెట్టించండి. తక్కువైతే తిరిగి కట్టించాకే మనుషుల్ని పైకి ఎక్కనివ్వండి.